మూట మసాలా: అందలి సుగంధద్రవ్యములు, రైతులు పండింపదగినవి

హైదరాబాదు నగరమున చలికాలపు తెల్లవారుజామున హోటళ్లలో పెద్ద డేగిసాల మూతలు తీయునప్పుడు వీథియంతయు వ్యాపించు పరిమళము కొంత మాంసరసమునుండియు, కొంత ఆ రసములో రాత్రియంతయు నానిన యొక చిన్న గుడ్డమూటనుండియు వచ్చును. ఆ మూటను ఉర్దూలో పొట్లీ యందురు. అందు కట్టెడు దినుసులకు పొట్లీ కా మసాలా యని పేరు. తెలుగున మూట మసాలా యనిన సరిపోవును. దీనిని ముఖ్యముగా నహారీ యను వంటకమునకు వాడుదురు. నహార్ అనగా అరబ్బీ భాషలో పగలు. ప్రొద్దుననే తినునది గనుక దాని కా పేరు కలిగినది. మేకల, గొఱ్ఱెల కాళ్లును, నాలుకలును సన్నని సెగమీద చాల గంటలసేపు ఉడికించి దీనిని చేయుదురు. లక్నో నగరమునందును ఇట్టి మూట వాడుక కలదు గాని దినుసుల పాళ్లు వేఱు.

తినువాని సంగతి యటుండనిండు. ఆ మూటలోనికి పోవు వస్తువులలో ఏవి మన చేలలో పండును, ఏవి పండవు, పండినవానిని ఏ స్థితిలో అంగడికి పంపిన ధర పలుకును అను విషయములు రైతునకు తెలియవలసియున్నవి. ఈ దినుసులకు మంచి గిరాకి కలదని విని తొందరపడి మళ్లకు మళ్లు మార్చివేసిన వాడును, ఇంటి గట్టుమీద మొలచిన దానిని విలువ తెలియక పశువులకు వదలిన వాడును ఇద్దఱును నష్టపోవుదురు.

మూటలో నుండునవి

ఇన్ని దినుసులే యుండవలెనను నియమము లేదు. ఒక్కొక్క వంటవానికి, ఒక్కొక్క దుకాణమునకు ఒక్కొక్క కొలత. అయినను సాధారణముగా కనబడునవి ఇవి: ధనియాలు, సోపు, వట్టివేరు, ఎండిన గులాబీరేకులు, రాతిపువ్వు, పాన్ కీ జడ్ అను వేరుముక్కలు, కపూర్ కచ్రీ, గంధపుచెక్క పొట్టు, చలవమిరియాలు, అనాసపువ్వు, ఆకుపత్రి, ఏలకులు, దాల్చినచెక్క, జాపత్రి. తూకములో ధనియాలదే పెద్దపాలు. వట్టివేరు, గంధపుపొట్టు చిటికెడు మాత్రమే వేయుదురు; మించినచో పులుసు చేదెక్కును. ఇందలి పెక్కు వస్తువులు యునానీ వైద్యమునందును వాడుకలో నున్నవే. వంటవాని చేతికిని హకీము చేతికిని నడుమ ఒకే పచారీ దుకాణముండుట హైదరాబాదులో వింతగాదు.

గుడ్డలో కట్టుటకు కారణము తేటతెల్లము. వేళ్లు, చెక్కపొట్టు, రాతిపువ్వు నమలుటకు వీలుగానివి. మెత్తగా నూఱి కలిపినచో రసమంతయు ఇసుక పడినట్లగును. మూటగా కట్టి వ్రేలాడదీసినచో సారము మాత్రము రసములోనికి దిగును. పని తీరినపిమ్మట మూటను పిండి పాఱవేయవచ్చును. ఇందు రైతు గ్రహింపవలసిన మేలొకటి కలదు. ఈ దినుసులను కొనువారు పొడిగా గాక ముడిరూపముననే కొందురు. పొడిలో దాగెడు మట్టి, పుల్ల, బూజు, పురుగు ముడిసరకులో దాగవు. కావున శుభ్రముగా తెచ్చినవాని సరకు కంటికే తెలిసిపోవును. శుభ్రత కింత ప్రత్యక్షమైన ఫలము నిచ్చు పంటలు తక్కువ.

పండనివి

మొట్టమొదట పండనివానిని విడగొట్టుట మంచిది. రాతిపువ్వు మొక్క కాదు, పువ్వును కాదు. శిలీంధ్రమును, నాచును కలిసి బ్రతుకు ఒక జీవి; చెట్ల బెరడులమీదను, రాళ్లమీదను మిక్కిలి మెల్లగా పెరుగును. పశ్చిమకనుమలనుండియు, హిమాలయ ప్రాంతములనుండియు గీకి తెచ్చుదురు. దానికి విత్తనము లేదు. విత్తనమని యెవరైన చూపినచో కొనరాదు. కపూర్ కచ్రీ హిమాలయపు చల్లనికొండల దుంప. అనాసపువ్వు చాలవఱకు చీనా, వియత్నాము దేశములనుండి వచ్చును. ఏలకులకు, జాపత్రికి మలయాళ దేశపు తేమయు నీడయు కావలెను.

పాన్ కీ జడ్ అను పేరు విని తమలపాకు తోటలవారు తీగల వేళ్లు త్రవ్వి అమ్మజూచుట పొరపాటు. మాట కర్థము తమలపాకు వేరనియే యైనను, దుకాణములలో ఆ పేరుతో అమ్మునది దుంపరాష్ట్రకము. ఉర్దూవారు దానినే ఖులంజాన్ అందురు. అల్లపు జాతికి చెందిన యీ దుంప కొబ్బరితోటల నడుమ, కొంచెము నీడయు తేమయు గల నేలలలో పండును. మెట్టపొలములలో దీనికి తావు లేదు.

గంధపు చెట్టును గూర్చి నేడు చాలమంది అడుగుచున్నారు. పూర్వము మైసూరు, మద్రాసు సీమలలో ఎవరి పొలమున మొలచినను గంధపుచెట్టు ప్రభుత్వపు సొత్తే. కర్ణాటక రాష్ట్రమువారు 2001లోను, తమిళనాడువారు 2002లోను చట్టములు సవరించి నేల యజమానికే చెట్టుపై హక్కు కల్పించిరి. అయినను కొట్టుటకు, తరలించుటకు అటవీశాఖవారి యనుమతి కావలెను. చేవ పట్టుటకు ఏండ్లు గడచును. దొంగల భయము వేఱు. ఈ చెట్టు ఇతర వృక్షముల వేళ్లనుండి కొంత ఆహారమును పీల్చుకొనునది గనుక ప్రక్కన కందివంటి తోడుమొక్క నాటవలెను. మూట మసాలాలో చిటికెడు పొట్టునకై గంధము నాటువాడు ఎవ్వడును ఉండడు. ఆ యోచన వేఱు లెక్కలతో చేయదగినది.

ఇక మనకు మిగిలినవి ధనియాలు, వట్టివేరు, గులాబి. సోపు పండకపోదు గాని గుజరాతు, రాజస్థానములనుండి వచ్చు సరకుతో ధరలో పోటీపడుట కష్టము.

ధనియాలు

మూటకు ప్రాణము ధనియాలే. నల్లరేగడి నేలలలో వానకాలపు చెమ్మ నిలిచియుండగా, అక్టోబరు నడుమనుండి నవంబరు నడుమవఱకు విత్తినచో నీటితడి లేకయే పండును. కర్నూలు, అనంతపురము, కడప, ప్రకాశము ప్రాంతముల రైతులు దీనిని తరతరములుగా ఎఱుగుదురు. ధనియపు గింజ యని మన మనుకొనునది నిజమునకు రెండు గింజలు కలిసిన కాయ. దానిని చేతితోనో చెప్పుతోనో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి విత్తవలెను. బద్దలు చేయక విత్తినచో మొలక యాలస్యమై పలుచబడును. ఎకరమునకు సుమారు 6 కిలోల విత్తనము చాలును. సాళ్లకు నడుమ ఒక అడుగు దూరముంచుట మంచిది. మొలక వచ్చుటకు పది పదునైదు దినములు పట్టును. ఈ నడుమ రైతు విత్తనము చచ్చినదని భయపడి మరల దున్నిన సందర్భములు లేకపోలేదు.

గుంటూరు దగ్గఱి లాం పరిశోధనాక్షేత్రమువారు సింధు, సాధన, స్వాతి, సుధ యను రకములను గింజకై విడుదల చేసిరి. ఆకుకై సురుచి యను రకము కలదు. గింజరకమును ఆకుకై, ఆకురకమును గింజకై వేయుటవలన రెండును చెడును. వర్షాధారమున ఎకరమునకు మూడు నాలుగు క్వింటాళ్లు వచ్చినచో మంచి పంట యనవలెను.

పచ్చికాయను నలిపినచో నల్లివాసన వచ్చుట అందఱును ఎఱిగినదే. కాయ పండినకొలది ఆ వాసన గల ద్రవ్యములు తగ్గి, లినలూల్ అను పరిమళద్రవ్యము పెరుగును. పండిన ధనియాల నూనెలో సగమునకు మించి అదియే యుండును. ఇచ్చటనే రైతునకు చిక్కు వచ్చుచున్నది. అంగడిలో ఆకుపచ్చని చాయ గల ధనియాలకు ధర హెచ్చు. ఆ చాయకై తొందరపడి కోసినచో వాసన తక్కువ. మిగుల పండనిచ్చినచో గింజ రాలును, చాయయు పోవును. సగము కాయలు పచ్చదనము విడిచి గోధుమవన్నెకు తిరుగు నప్పుడు, మంచు ఆరకముందే, ప్రొద్దుననే కోసి, చిన్న కుప్పలుగా వేసి నీడపట్టున ఆరబెట్టుట యొక్కటే ఈ రెంటికిని మధ్యమార్గము. కోసిన పంటపై వాన పడినచో కాయ నల్లబడును. ఆ నలుపును పోగొట్టుటకై కొందఱు గంధకపు పొగ పెట్టి పసుపువన్నె తెప్పింతురు. అది కొనువానిని మోసగించుటయే గాక సరకులో గంధకపు శేషము నిలుపుట. నల్లబడిన ధనియాలను నల్లబడినవిగానే తక్కువ ధరకు నూనెతీయువారికో పొడికొట్టువారికో అమ్మివేయుట మేలు. వాసన యందు పెద్దగా లోపముండదు.

తారురోడ్డుమీద ఆరబోయుట నేడు ఊరూర కనబడుచున్నది. బండ్లక్రింద నలిగి గింజ పగులును; పగిలిన గింజనుండి పరిమళము పోవును; ఇసుక, పేడ, తారు, యంత్రపు చమురు అంటును. టార్పాలిన్ పట్ట యొకటి కొన్నచో కొన్ని యేండ్లు వచ్చును.

తెగుళ్లలో బూడిదతెగులు ముఖ్యము. ఆకుపై తెల్లని పొడివలె కనబడగానే నీటిలో కరగు గంధకమును లీటరునకు 3 గ్రాముల చొప్పున చల్లవలెను. వడలుతెగులు గల పొలమున ధనియాలు మరల వేయక పంట మార్చవలెను. పేనుబంక పూతదశలో వచ్చును. కాని పూతలో మందు కొట్టుట రెండువిధముల హాని. ధనియపు పూవు తేనెటీగలకు మిక్కిలి యిష్టము. అవి వచ్చినచో కాయ బాగుగ కట్టును. మందు కొట్టినచో అవి చచ్చును. పైగా పూతపై పడిన మందు కాయలో నిలిచి వంటలోనికి పోవును. వేపగింజల కషాయము ముందుగనే, పూత రాకముందే చల్లుట యుక్తము.

ధరను గూర్చి ఒకమాట. మన ప్రాంతపు ధనియాల ధర చాలవఱకు రాజస్థానములోని రామగంజ్ మండీకి వచ్చు సరకునుబట్టి నిర్ణయమగుచున్నది. ఫిబ్రవరి, మార్చి మాసములలో అచ్చటి కొత్తపంట దిగగానే ఇచ్చట ధర జాఱును. హైదరాబాదులో నహారీకి చలికాలమునను, రంజాను నెలలోను గిరాకి హెచ్చు. రంజాను ఏటేట పదునొకండు దినములు వెనుకకు జరుగును. 2024లో అది మార్చి నడుమ మొదలైనది. 2025లో మార్చి మొదట వచ్చినది. 2030 నాటికి జనవరి మొదటికే వచ్చును. అనగా గిరాకి కాలము కొత్తపంట కన్న ముందునకు పోవుచున్నది. అప్పుడు అమ్ముడుపోవునది నిరుటి సరకే. కావున కోతకాలమున సరకంతయు ఒక్కమారుగా విడువక, కొంతభాగమును చక్కగా ఆరబెట్టి నిలువచేసికొనగల రైతునకు ముందుముందు కొంత మేలుండవచ్చును. అప్పుతో పంట పండించినవాని కిది సాధ్యముగాదు; వానికి గిడ్డంగి రసీదుపై అప్పు దొరకునేమో విచారించుకొనుట మంచిది.

నిలువకు గింజలో తేమ నూటికి పది పాళ్లకు లోబడి యుండవలెను. పంటితో కొఱికిన టక్కున పగులవలెను; నలిగినచో ఇంకను ఆరలేదన్నమాట. కొత్త గోనెసంచులలో నింపి, నేలను తాకకుండ చెక్కలపైన, గోడకు జానెడు దూరమున పేర్చవలెను. మిరప, ఎరువులు, పురుగుమందులు ఉన్న గదిలో ఉంచరాదు. ధనియాలు పొరుగువాసనను త్వరగా పట్టుకొనును. తేమ మిగిలిన సరకులో బూజు పట్టును. కొన్ని బూజులు విషమును పుట్టించును, ఆ విషము ఉడికించినను పూర్తిగా పోదు. 2024 ఏప్రిలులో హాంకాంగు, సింగపూరువారు మన దేశపు కొన్ని మసాలాపొడులలో ఎథిలీన్ ఆక్సైడు అను వాయువు శేషము కనుగొని వానిని అంగళ్లనుండి తొలగింపజేసిరి. ఆ వాయువును వాడునది క్రిములను చంపుటకు. కళ్లములోనే శుభ్రముగా ఆరిన సరకునకు అట్టి చికిత్స యవసరము తగ్గును.

వట్టివేరు

వట్టివేరు గడ్డిజాతి మొక్క. పరిమళము ఆకున లేదు, వేరున నున్నది. వేసవిలో కిటికీలకు కట్టు ఖస్ తడకలు దీనివే. దీని నూనె బరువైనది, త్వరగా ఆవిరిగాదు. అందుచేతనే రాత్రియంతయు ఉడికినను మూటలోని మిగిలిన వాసనలు తగ్గినపిమ్మట ఇది నిలిచియుండును.

రైతులు కొంచెము లెక్క వేసికొనవలెను. ఒక్కొక్క మూటకు 5 గ్రాముల వేరు వాడుదురనుకొన్నను ఒక క్వింటాలు వేరు ఇరువది వేల మూటలకు సరిపోవును. కావున వంటకొఱకే వట్టివేరు ఎకరములకొలది వేయుట తగదు. తడకలవారు, షర్బతువారు, అత్తరు తీయువారు కొనునట్లు ముందుగా మాట్లాడుకొన్నపిమ్మటనే పెద్దయెత్తున సాగు చేయవలెను.

అంతకన్న ముఖ్యమైనది నేలను గూర్చినది. ఈ మొక్కవేళ్లు ప్రక్కలకు ప్రాకక తిన్నగా క్రిందికి రెండు మూడు మీటర్లు దిగును. కాలువగట్టున, వాలు పొలములలో అడ్డుగా ఒకే వరుసను దగ్గఱదగ్గఱగా, జానెడుకన్న తక్కువ దూరమున నాటినచో వాన నీరు వేగము తగ్గి, ఒండ్రు ఆ వరుసవెనుక నిలుచును. కర్ణాటకములో గుండ్లుపేట ప్రాంతపు రైతులు నూఱేండ్లకు పైగా పొలముల హద్దులకు ఈ గడ్డినే వాడుచున్నారు. అట్టి వరుసను వేరుకొఱకు త్రవ్వినచో గట్టు మొదలంట కదలును. మఱుసటి వానకు గండి పడును. వాగుల యొడ్డున అడవిగా పెరిగిన వట్టివేరును త్రవ్వి అమ్ముకొనువారు ఆ సంవత్సరము నాలుగు రూపాయలు చూతురు. ఆ క్రింది పొలములవారు నేలను పోగొట్టుకొందురు. గట్టుమీదిది గట్టునకే విడిచి, వేరుకొఱకు వేఱుగా నాటుకొనవలెను.

ఇందులకు ఇసుకపాలు గల వదులునేల కావలెను. రేగడిలో వేరు పెరుగును గాని త్రవ్వుట దుర్లభము. సగము తెగి నేలలోనే యుండును. నేల కుదురనివారు ఇసుకయు ఎరువును నింపిన సంచులలోనో, ఎత్తైన మళ్లలోనో నాటుచున్నారు. సంచి చింపి దులిపినచో వేరు చెక్కుచెదరక వచ్చును. విత్తనము కట్టని రకపు పిలకలను తొలకరిలో రెండడుగుల వరుసలలో అడుగు దూరమున నాటవలెను. విత్తనము రాల్చు రకమును తెచ్చినచో పొలమునకు కలుపై పోవును. పదునైదునుండి పదునెనిమిది నెలలకు, చలికాలమున త్రవ్వవలెను. తొందరపడి ఏడాదిలోపల త్రవ్విన వేరు సన్నము, వాసన తక్కువ. మట్టి పోవునంతవఱకే కడిగి, నీటిలో నాననీయక, నీడలో ఆరబెట్టవలెను.

ఒక మోసము కలదు. నూనె తీసివేసిన పిప్పివేళ్లను ఆరబెట్టి మంచివేళ్లతో కలిపి అమ్ముచుందురు. తడిచేతితో నలిపి చూచినచో తేడా తెలియును. నిజమైన వేరు తడిసినకొలది వాసన పెంచును. పిప్పి తడిగడ్డివలె నుండును. రైతు తన సరకును కొనువాని యెదుటనే తడిపి చూపుట మంచి పద్ధతి.

గులాబిరేకులు

ఇందు ఆపద హెచ్చు గనుక క్లుప్తముగా చెప్పవలసినను గట్టిగా చెప్పవలసియున్నది. దండలకై, అలంకారమునకై పెంచు గులాబితోటలలో పురుగుమందులు వారమువారము చల్లుదురు. ఆ పూలు తలలో తుఱుముకొనుటకే గాని తినుటకు గాదు. అమ్ముడుపోక మిగిలిన దండపూలను ఎండబెట్టి మసాలాకు అమ్ముట తినువానికి విషము పెట్టుటవంటిది. వంటకు కావలసినవి పన్నీరు గులాబివంటి పరిమళపు నాటురకములు. వానిని పది ఇరువది మొక్కలు ఇంటి పెరటిలోనో, బావిగట్టునో, మందులు తగులని చోట పెంచుకొనవచ్చును. సూర్యోదయమునకు ముందే పూర్తిగా విచ్చని పూలు కోసి, రేకులు విడదీసి, నీడలో గుడ్డపై పలుచగా పఱచి ఆరబెట్టవలెను. ఎండలో పెట్టినచో రంగును వాసనయు రెండును పోవును. ఏడెనిమిది కిలోల పచ్చిరేకులకు సుమారు ఒక కిలో ఎండురేకులు వచ్చును. ఇంటి ఆడువారికి కొంత చేతిఖర్చు రాగల పని యిది. దీనిపై ఇల్లు నడుచునని తలంపరాదు.

ఈ దినుసులను హైదరాబాదు బేగంబజారు దుకాణములకు తీసికొనిపోవువారు మొదటిసారి మూటలకొలది గాక పావుకిలో నమూనాలు మాత్రమే తీసికొనిపోవుట మంచిది. నమూనాలో సగము దుకాణదారు కిచ్చి, మిగిలిన సగమును సీసాలో బిరడా బిగించి, తేదీ వ్రాసి తమయొద్ద నుంచుకొనవలెను. పిమ్మట సరకు పంపినప్పుడు నమూనావలె లేదని ధర కోసినచో ఆ సీసాను తీసి చూపవచ్చును.